ముందు వచ్చేది బేరికాయ వాసన

కర్పూరం వెలిగించి, అరచేత్తో కొట్టి ఆర్పి ప్రమాణం చేయమన్నా చేస్తాను. ఇది జరిగింది. తేదీల్లో, లెక్కల్లో నేను తప్పనని మీకు తెలుసు. వాసనల్లో కూడా తప్పను...

ఫ్రెంచివాళ్ళ రోజులు. మాది ముత్తియాల్‌పేటలో రెండు గదుల ఇల్లు. నాకు పదేళ్ళు. అమ్మ కాన్పుకు వెళ్ళింది. నాన్నకు మిల్లులో రాత్రి పని. ఇంట్లో నేను, నాన్న తల్లి అయిన మా అవ్వ, అవ్వ కూతురు కమలత్త. అత్తకు భర్త పోయాడు. ముప్పై నిండకుండానే పుట్టింటికి తిరిగి వచ్చింది.

అత్త దగ్గర ఒక సెంటుబుడ్డి ఉండేది. తెల్లవాళ్ళ వీధి కొట్టులో దొరికే చవక రకం. దొరసానులు ముట్టరు. మిల్లు కూలీల భార్యలు పండక్కి కొనుక్కునేవాళ్ళు. చవకే గానీ దానికో నడక ఉంది. మూత తీయగానే అప్పుడే కోసిన బేరికాయ. నోరూరుతుంది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఆ పండు పోతుంది. తర్వాత జాజులు, వాటి వెనక కొంచెం గులాబీ... అవి సాయంత్రం దాకా ఉంటాయి. అత్తరు పెద్దమనిషిలా వచ్చి కూర్చుంటుంది. ఇది వీధిలోంచి పరిగెత్తుకొచ్చిన పిల్ల. అందుకే అత్తకు ఇష్టమనుకుంటాను.

అవ్వ ముక్కును తప్పించుకోవడం కష్టం.

"ఏంది మే ఈ వాసన? మొగుడు పోయినదానికి పూలెందుకు?"

"పూలు వద్దన్నారు, పెట్టుకోలే. నీళ్ళు వద్దని యాడ చెప్పినారమా?"

"నీళ్ళంట నీళ్ళు. వీధి కొస దాకా నడస్తుండాయి నీ నీళ్ళు."

నాకు నవ్వొచ్చింది. అవ్వకు రాలేదు. బుడ్డిని పెరట్లో బట్టలుతికే రాయి మీద కొట్టింది.

"ఇంకొకసారి ఈ వాసన వచ్చిందంటే, అరియాంకుప్పానికి పడవెక్కిస్తా. నీ అత్తగారింట్లోనే పడుండు."

ఆ ఇంట్లో అత్తకు రెండో పూట అన్నం పెట్టలేదని మా అందరికీ తెలుసు. గాజుపెంకులు ఏరి పారేసింది నేనే.

నెల దాటింది. కార్తీకపు వానలు పట్టుకున్నాయి. ఆ రాత్రి తలుపులు, కిటికీలు బిగించి ఉన్నాయి. అత్త పక్కన పడుకున్నాను. చూరు నీళ్ళు... టప్... టప్... ఎందుకో మెలకువ వచ్చింది.

బేరికాయ.

జాజి కాదు. గులాబీ కాదు. పండు... అప్పుడే కోసినంత పచ్చిగా. అంటే ఎవరో ఇప్పుడే రాసుకున్నారు.

దయ్యం సంగతి నాకు తట్టనే లేదు. అవ్వ లేస్తుంది, అత్తను పంపేస్తుంది... అదే నా భయం. అత్త మెడ దగ్గర ముక్కు పెట్టాను. సీకాయ. అరచేతులు... ఉల్లిపాయ. చెంగు... పొయ్యి పొగ. అంతే. అత్త ఒళ్ళెరగక నిద్రపోతోంది.

పక్క గదిలో చాప కదిలింది. దీపం వెలిగింది. అవ్వ గుమ్మంలో నిలబడింది. అత్త ఉలిక్కిపడి లేచింది.

"నేను కాదమా," అంది, అడక్కముందే.

అవ్వ మెల్లగా లోపలికి వచ్చింది. వస్తున్నకొద్దీ వాసన చిక్కబడింది. దీపం కింద పెట్టి, రెండు చేతులూ నా ముందుకు చాపింది. వేళ్ళు విడదీసి, తనవి కానట్టు పట్టుకుంది.

"పాపా... నాకేనా ఈ వాసన? నీకూ వస్తుండాదా?"

ఆ మణికట్లు పొడిగా ఉన్నాయి. వాసన వాటిదే. బేరికాయ... మేం ముగ్గురం అలా కూర్చుని ఉండగానే, కాసేపటికి, జాజిగా మారింది.

అవ్వ అత్త వైపు చూసింది.

"నువ్వు కడుపులో ఉండంగా పోయినాడు మీ నాయన. నాకు అప్పుడు నీ వయసే."

అంతే అంది. దీపం ఆర్పలేదు.

బుడ్డి పగలగొట్టినప్పుడు చేతికి అంటిందా? పండు నెల రోజులు నిలవదు. ఇంకో బుడ్డి దాచిందా? మర్నాడు ఇల్లంతా వెతికాను, లేదు. నటించిందా? ఆ వేళ్ళు నటించేవి కావు. లెక్క ఎటు వేసినా తేలలేదు.

అరియాంకుప్పం మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు. అత్త మా దగ్గరే ముసలిదైంది.

మా ఆయన పోయాక నేనూ పూలు మానేశాను. బేరికాయలు కూడా కొనను. ఇష్టం లేక కాదు. ఏ రాత్రయినా ఆ వాసన వస్తే... అది పండుది కాదని నాకు కచ్చితంగా తెలియాలి.