వెనక ఎడమ తలుపు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పెద్దపల్లికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. మా నీటిపారుదల శాఖలో ఆ హోదాను పొట్టిగా ఈఈ అంటారు. కింద నాలుగు సబ్ డివిజన్లు, ఒక్కోదానికి ఒక డిప్యూటీ ఇంజనీరు, అంటే డీఈ, వాళ్ల కింద సెక్షన్‌కొక అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ. చెరువు కట్టలు, తూములు, నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తళ్లు, పిల్ల కాలువలు మా పని. నా గది గోడ మీద అంతకు ముందు పనిచేసిన ఈఈల పేర్లు వరుసగా రాసి ఉండేవి. అన్నీ మగవాళ్లవే.

ఛార్జి తీసుకున్నప్పుడు నాకు అప్పగించిన వాటిలో ఒక తెల్ల కారు ఉంది. అప్పటికి దాని వయసు పద్దెనిమిదేళ్లు. సర్కారు బండి ముసలిదైతే దాన్ని కండెమ్ చేయాలి, అంటే పనికిరాదని ధ్రువపత్రం రాయించి వేలానికి పెట్టాలి. ఈ కారు కండెమ్ ప్రతిపాదన మా పైనున్న సర్కిల్ ఆఫీసుకు వెళ్లి, అక్కడ ఏ బీరువాలోనో హాయిగా నిద్రపోతోంది. ఈలోగా బండి నడుస్తూనే ఉంది. ఇంజను గట్టిదే. మొండికేసినవి తలుపులు.

డ్రైవరు పేరు ఓదెలు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల యూనిఫాం, స్టీరింగు ముందు పాతికేళ్ల సర్వీసు. మొదటి రోజే నన్ను కారు చుట్టూ తిప్పి తలుపుల సంగతి ఒక్కొక్కటే చెప్పాడు. డ్రైవరు వైపు తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుంటే తప్ప తాళం పడదు. ముందు ఎడమది తాళం పడుతుంది కానీ పెద్ద గతుకు వస్తే దానంతటదే ఊడుతుంది. వెనక కుడిది తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఎటు నుంచీ రాదు. ఇక నేను కూర్చునే వెనక ఎడమ తలుపు బయటి నుంచి మాత్రమే తెరుచుకుంటుంది. లోపలి పిడి లాగితే వట్టిగా ఊగుతుంది.

“ఫికర్ జేయకుండ్రి మేడం, నేనున్న గదా. నేనే దిగొచ్చి తీస్త,” అన్నాడు. ఆ వెంటనే తన మనసులో మాట కూడా చెప్పాడు. “ఇది కండెమ్ అయి కొత్త బండి వస్తది గదా, దానికి కొబ్బరికాయ మాత్రం నేనే కొట్టాలె. కొలువుల జేరినకాంచి పాత బండ్లే నడిపిన.”

నాకప్పటికి ఐదేళ్ల సర్వీసు మిగిలి ఉంది, ఓదెలుకు ఏడేళ్లు. తప్పకుండా నువ్వే కొడుదువుగానీ అన్నాను.

ఓదెలు ఎడమ మోకాలు అరిగిపోయింది. అన్నేళ్లు క్లచ్ తొక్కిన కాలది. దిగేటప్పుడు ముందుగా కుడి కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని లేచి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టూ తిరిగి నా వైపు వచ్చేవాడు. వచ్చాక నిటారుగా నిలబడి తలుపు తీసేవాడు. రోజుకు పది పన్నెండు సార్లు ఇదే తంతు.

చేరిన మొదటి వారంలోనే ఒక కాలువ పని చూడటానికి వెళ్లాం. ముందు సీట్లో మా ఏఈ ఉన్నాడు, మీసాలు సరిగా రాని కుర్రవాడు. గుత్తేదారు పరుగున వచ్చి ఆ ఏఈకి వంగి దండం పెట్టి, “నమస్తే ఈఈ సార్, రాండ్రి,” అన్నాడు. వెనక ఉన్న నన్ను ఒకసారి చూసి చూడనట్లు తల తిప్పుకున్నాడు. సార్ గారి భార్య గుడికి పోతూ కారెక్కిందనుకున్నాడేమో. అప్పుడు ఓదెలు కుంటుకుంటూ వచ్చి, నా తలుపు తీసి, అటెన్షన్‌లో నిలబడ్డాడు. నేను దిగాను. గుత్తేదారు ముఖంలో రంగులు మారడం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

నేను పుట్టింది సిరిసిల్లలో. బాపు మరమగ్గం మీద కూలికి నేసేవాడు, అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. మా ఇంట్లో ఎవరి కోసమూ ఎవరూ ఏ తలుపూ తీసి నిలబడలేదు. పాతికేళ్ల ఉద్యోగంలో మీటింగులకు వెళ్తే నన్ను రిపోర్టులు మోసుకొచ్చిన క్లర్కనుకున్న వాళ్లే ఎక్కువ. ఓదెలు తలుపు తీశాక మాత్రం ఎవరికీ అనుమానం ఉండేది కాదు. నాకది నచ్చింది. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు, చాలా నచ్చింది.

ఇక్కడ పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి సర్కారు బండికీ ఒక లాగ్ బుక్ ఉంటుంది. ఎక్కడికి వెళ్లిందీ డ్రైవరు రాస్తాడు, అధికారి సంతకం పెడతాడు. నెలాఖరు పేజీలో బండి లోపాలు రాసే చోటు ఉంటుంది. ఓదెలు ప్రతి నెలా గుండ్రటి అక్షరాలతో “వెనక ఎడమ డోరు లోపలి నుండి తెరువబడుట లేదు” అని రాసేవాడు. పెద్ద మరమ్మతుకైతే అంచనాలు, మెకానికల్ విభాగం సర్టిఫికెట్ కావాలి. చిన్నదానికి ఈఈ ఒక్క మాట రాస్తే చాలు. కరీంనగర్‌లో తలుపులు, తాళాలు బాగుచేసే ఖాదర్ సాబ్ అనే మేస్త్రీ ఒకసారి చూసి, లోపలి పిడిని తాళానికి కలిపే కడ్డీకి క్లిప్పు ఊడిపోయిందని, పది నిమిషాల్లో వేస్తానని కూడా చెప్పాడు. నేను ఆ పేజీ మీద “కండెమ్ కానున్న వాహనం, తర్వాత చూద్దాం” అని రాసి సంతకం పెట్టాను. మరుసటి నెలా అదే రాశాను.

కారులో మేమిద్దరమే ఉన్నప్పుడు అతన్ని అన్నా అనేదాన్ని. నలుగురిలో ఓదెలూ అనేదాన్ని. ఆ తేడా అతను గమనించలేదని ఎందుకనుకున్నానో తెలియదు.

ఒక మధ్యాహ్నం ధర్మపురి దగ్గర దారి కనుక్కోవడానికి ఓదెలు దిగి వెళ్లాడు. కారులో ఉక్క. అద్దం పూర్తిగా దింపి, ఎడమ చెయ్యి బయట పెట్టి, బయటి పిడిని కిందికి తడిమి లాగాను. తలుపు సులువుగా తెరుచుకుంది. ఇంజనీరుకు అంతవరకూ తోచకపోవడమే వింత. దిగి నీడలో నిలబడ్డాను. అతను దూరంగా వస్తూ కనిపించగానే ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మళ్లీ ఎక్కి, తలుపేసుకుని, అద్దం ఎత్తి, ఏమీ ఎరగనట్లు కూర్చున్నాను. ముందున్న తూము దగ్గరికి వెళ్లాక అతను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీశాడు. నేను దిగాను.

ఆ తర్వాత కూడా ఎవరూ లేనప్పుడు అలా చాలాసార్లు దిగాను. జనం ఉన్న చోట ఒక్కసారీ దిగలేదు.

ఆ వానాకాలం ఆదిలాబాద్ వైపు వానలు గట్టిగా పడ్డాయి. చిన్న చెరువుల కట్టలు దెబ్బతింటుంటే పక్క డివిజన్ల ఇంజనీర్లను కూడా తనిఖీకి పంపారు. నాకు జైనూర్ దగ్గర ఒక చెరువు వచ్చింది. కట్టకు బుంగ పడిందన్నారు, అంటే కట్ట లోపల నీళ్లు దారి చేసుకుని అవతల ఊరుతున్నాయన్నమాట. పొద్దున బయలుదేరేటప్పుడు ఓదెలు మోకాలికి పట్టీ చుట్టుకుని ఉన్నాడు. తనంతట తాను అడగడం అదే మొదటిసారి.

“మేడం, కరీంనగర్‌ల ఖాదర్ సాబ్ దగ్గర జర గా డోరు చేయిద్దామా? కాలు బాగ గుంజుతుంది.”

“వచ్చినంక చూద్దాం అన్నా,” అన్నాను.

చెరువు దగ్గరికి చేరేసరికి జల్లు పడుతోంది. ఊరి పటేలు, రెవెన్యూ వాళ్లు, ముప్పై నలభై మంది జనం గొడుగులు, గోనె సంచులు కప్పుకుని కట్ట కింద నిలబడి ఉన్నారు. దారి ఏటవాలుగా ఉంది, నేలంతా నల్లరేగడి. నీళ్లు తాగిన రేగడి మీద బాగున్న కాలే నిలవదు. ఓదెలు బండి ఆపి దిగాడు. నేను ఫైలు ఒళ్లో పెట్టుకుని, జనం వైపు చూస్తూ, తలుపు తెరుచుకునే దాకా ఆగాను. బానెట్ మీద ఆనించిన చెయ్యి తడికి జారింది. అతను పక్కకు పడ్డాడు, ఎడమ కాలు మోకాలి దగ్గర మెలిపడి ఒంటి కింద ఇరుక్కుంది. ఆ అరుపు నేను మరిచిపోలేదు.

అప్పుడు నేనేమీ ఆలోచించలేదు. చకచకా అద్దం దింపాను, చెయ్యి బయట పెట్టాను, తలుపు తీసుకుని దూకాను. అలవాటైన చెయ్యి, క్షణం పట్టలేదు. బురదలో పడి ఉన్న ఓదెలు తల తిప్పి నన్ను, తెరుచుకున్న తలుపును చూశాడు. నొప్పిలో కూడా చూశాడు.

“ఉండు బిడ్డా, కదలకు, మంచం తెస్తున్నరు,” అంటూ పటేలు అతని తల పట్టుకున్నాడు. ఊరివాళ్లు మంచం మీద రోడ్డు దాకా మోశారు. అక్కడి నుంచి ఎవరిదో జీపులో పంపి, నేను వెనక్కి వచ్చి బుంగ చూసి, ఇసుక బస్తాలు వేయించి, నీళ్లు తగ్గించడానికి తూము ఎత్తించాను. కట్ట నిలిచింది. నా రిపోర్టు బాగుందని పైవాళ్లు మెచ్చుకున్నారు.

కరీంనగర్ దవాఖానాలో ఓదెలు మోకాలికి ఆపరేషన్ జరిగింది. నాలుగో రోజున చూడటానికి వెళ్లాను. కాసేపు మామూలు మాటలయ్యాక అతను నెమ్మదిగా అడిగాడు.

“మేడం, అద్దం దింపి చెయ్యి పెడితే గా డోరు వస్తదని మీకు ముందుగాల్ల ఎరుకేనా?”

“లేదన్నా. నువ్వు పడంగనే గట్ల తోచింది,” అన్నాను.

అతను పైనున్న ఫ్యాను వైపు చూపు తిప్పుకున్నాడు. “మంచిది మేడం,” అన్నాడు. ఆ మాట విని నేను ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచిందనుకున్నాను. ఇంతకంటే నన్ను నేను తిట్టుకోవడానికి మాటలు లేవు.

ఆ వారమే ఖాదర్ సాబ్ దగ్గర తలుపు చేయించాను. నిజంగానే పది నిమిషాలు పట్టింది. క్లిప్పు చిటికెన వేలి గోరంత ఉంది.

విధుల్లో దెబ్బ తగిలిన ఉద్యోగిని మెడికల్ బోర్డుకు పంపాలి. ఓదెలును బోర్డు డ్రైవింగుకు అనర్హుడని తేల్చింది. అలాంటివాళ్లకు జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలని నియమం. ధర్మపురిలోని మా శాఖ బంగళాకు వాచ్‌మన్‌గా వేస్తూ ఉత్తర్వు ఇచ్చాను. సంతకం నాదే. కొత్త బండి మరుసటి వేసవిలో వచ్చింది. దానికి కొబ్బరికాయ వేరే డ్రైవరు కొట్టాడు. ఓదెలును పిలుద్దామా అని హెడ్ క్లర్కు అడిగితే, అంత దూరం నుంచి ఎందుకులే అన్నాను. అసలు సంగతి, అతని ముందు నిలబడటానికి నాకు ముఖం చెల్లలేదు.

రిటైరైన నెలలో బస్సెక్కి ధర్మపురి వెళ్లాను. ఓదెలు బంగళా వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కర్ర పట్టుకుని లేవబోతే వద్దన్నాను. ఛాయ్ తెప్పించాడు. ఆ గ్లాసు చేతిలో పట్టుకునే, దవాఖానాలో అబద్ధం చెప్పానని, తలుపు సంగతి నాకు ముందే తెలుసని చెప్పాను.

“నాకు ఎరుకనే మేడం,” అన్నాడు. “బండి రోజు నేనే కడుగుతుంటి గదా. గా డోరు పిడి పక్కపొంటి మీ గడియారం గొలుసు గీతలు పడ్డయి. మొదటి గీత ఇక్కడ ధర్మపురికి వచ్చిన నాడే పడ్డది. తర్వాత మస్తు పడ్డయి.”

నాకు తల కొట్టేసినట్లయింది. ఎరుకైతే మరి ఎందుకు దిగొచ్చి తీసినవు అని అడిగాను.

“నలుగురి ముంగట మీరు గట్ల దిగుతుంటే నాకు సుత మంచిగ అనిపించేది. ఆడబిడ్డ పెద్ద కొలువుల ఉంది, జర మర్యాద ఉండాలె గదా. నా ఇష్టంతోనే తీసిన. కాలు పోయిందని రంది లేదు, జారింది నేనే.” కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “దవాఖానల అడిగిన గదా, గప్పుడు నిజం చెప్తరనుకున్న. గదొక్కటే మనసుల ఉండిపోయింది.”

తప్పయింది అన్నా అన్నాను. ఛాయ్ సల్లారుతది తాగుండ్రి మేడం అన్నాడు.

ఈ ఉదంతం నాకు రెండు సంగతులు నేర్పింది. ఒక మరమ్మతు నెలనెలా వాయిదా పడుతుంటే, అది చెడి ఉండటం ఎవరికి అనుకూలంగా ఉందో చూడాలి. ఆ అనుకూలం సంతకం పెట్టే మనిషిదే కావచ్చు. చివరి ఐదేళ్లూ ప్రతి పెండింగు కాగితాన్నీ అలాగే చూశాను, కొంత పనికొచ్చింది. రెండోది నేర్చుకునేసరికి ఆలస్యమైంది. తప్పును ఆ మనిషి అడిగిన రోజే ఒప్పుకోవాలి. ఐదేళ్ల తర్వాత ఒప్పుకుంటే తగ్గేది మన బరువే, అతని మనసులో ఉండిపోయినది అలాగే ఉంటుంది.