ఇనుము మీద నేను చేసిన యుద్ధం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కుప్పంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. సగం చదివిన ప్రతి వ్యాసమూ నన్ను నిండు డాక్టర్ని చేసేది. చుట్టుపక్కల ఎవరు తుమ్మినా కారణం నేనే చెప్పేదాన్ని (ఎవరూ అడిగేవాళ్లు కారు, అది వేరే సంగతి). అలాంటి నా చేతికి మా మేనత్త జబ్బు చిక్కింది.

అత్తకు పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న దోసెల అంగడి. మామ పోయాక ఆమె బతికిందీ, నన్ను చదివించిందీ ఆ అంగడి మీదే. ఆ ఏడు ఆమెకు నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. మదనపల్లెలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందనీ, ఇది చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదనీ, గుండెకు కుడివైపు బరువు పడుతోందనీ చెప్పింది. మందులతో పాటు, ఒంట్లో ఇనుము తక్కువగా ఉందని ఆ మాత్రలూ రాసింది. “తొందరగానే వచ్చినారు, భయపడొద్దండి” అంది కానీ నేను భయపడ్డాను. అమ్మానాన్న లేని నాకు ఉన్నది ఆ అత్తే. భయం పుడితే ఇంకొకరైతే దేవుడికి మొక్కుకునేవాళ్లు. నేను ఫోను తెరిచాను.

దొరికిన వ్యాసంలో ఇలా ఉంది: కణంలో ఇనుము అదుపు తప్పితే దాని పొరలోని కొవ్వు చెడిపోయి కణం చచ్చిపోతుందట. ఈ జబ్బు తెప్పించిన ఎలుకల ఊపిరితిత్తుల్లో కణాలు అలాగే చస్తున్నాయట, ఆ చావును ఆపితే ఒత్తిడి తగ్గిందట. ‘ఎలుకలు’ అన్న మాట మీద నా చూపు ఆగలేదు. ‘ఇనుము’ దగ్గర మాత్రం గడ్డకట్టుకుపోయింది.

మరునాడే బస్సెక్కి పుంగనూరు చేరాను. వచ్చీ రాగానే ఇనుము మాత్రల డబ్బా లాక్కుని నా సంచిలో వేసుకున్నాను. తోటకూర వద్దన్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? అత్త వాళ్ల అత్తగారి కాలం నాటి ఇనప దోసె పెనాన్ని గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోసి, నల్లగా నిగనిగలాడే నాన్‌స్టిక్ పెనం కొనిచ్చాను.

“ఏమ్మే, పెనం ఏం సేసింది నిన్ను?” అంది అత్త.

“ఇనుము నీ ఊపిరితిత్తుల్లో కణాల్ని చంపేస్తుందత్తా.”

“నలభై ఏండ్లుగా సంపనిది ఇప్పుడు యాల సంపుతాది?”

నేను గంటసేపు బొమ్మలు గీసి వివరించాను. ఆమె మధ్యలో రెండుసార్లు కునికింది.

మరునాడు పొద్దున దోసెలు తెల్లగా, మెత్తగా, ఏ రుచీ లేకుండా వచ్చాయి. పక్కంగడి టైలర్ భాయ్ ఒక ముక్క తుంచి చూశాడు. “ఏందమ్మా ఇది? గుడ్డ మాదిరి ఉండాది. బొత్తాలు కుట్టమంటావా?”

“మా పాప సదువుకున్నాది కదన్నా. ఇనుము తగిలితే ఊపిరి పోతాదంట.”

“యా అల్లా!” అని గుండె మీద చెయ్యేసుకున్నాడు భాయ్. “పొద్దస్తమానం సూదులు నోట్లో పెట్టుకునేటోణ్ణి, నా గతేందమ్మా?”

అందరూ నవ్వారు. పదో రోజు నవ్వు ఆగిపోయింది. పిండి గిన్నె ఎత్తబోయి అత్త బల్ల మీద కూలబడింది. కాళ్లు వాచాయి, మాట రావడం లేదు. భాయే ఆటో పిలిచాడు. మదనపల్లె దాకా ఆమె చెయ్యి వదలకుండా కూర్చున్నాను. మాత్రలు ఆపించింది నేనే, చంపేది నేనే అన్న మాట తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

డాక్టరమ్మ ముందు అంతా ఏడుస్తూ ఒప్పుకున్నాను. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది.

“అది ఎలుకల్లో, కణాల్లో చూసిన సంగతి తల్లీ. ముందుముందు మందులకు పనికొస్తాదేమో. పెనంలో ఇనుము పోయి ఊపిరితిత్తుల్లో కూర్చోదు. ఈ జబ్బులో ఇనుము తక్కువైతే ఆయాసం ఇంకా ఎక్కువైతాది. నిన్నెవరు ఆపమన్నారు?”

 ఈలోగా రక్తపరీక్ష కాగితం వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, “ఇదేంది, రక్తం మెరుగైంది కదా! మాత్రలు ఆపింటే ఇట్లుండదే” అంది.

ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న అత్త మెల్లగా కళ్లు తెరిచింది. “ఆపలేదమ్మా. పాప డబ్బా ఎత్తుకుపోయినంక మందులంగట్లో ఇంకొకటి తెచ్చుకున్నా. ఎదురు సెబితే ఏడుస్తాదని ఊరుకున్నా.”

“మరి కాళ్లెందుకు వాచినాయి?” అంది డాక్టరమ్మ.

అత్త చూపు తిప్పుకుంది. కూపీ లాగితే తేలిందేమిటంటే, చప్పిడి దోసెలు గొంతు దిగక పది రోజులుగా పూటకింత ఉప్పు ఊరగాయ నంజుకుంటోంది. ఒంట్లో నీరు నిలిచిపోయింది. నీరు దిగే మందు మోతాదు పెంచి, ఊరగాయ మాన్పించి, మూడో రోజు ఇంటికి పంపారు. ఆసుపత్రి గేటు దాటాక అక్కడే మెట్టు మీద కూర్చుని మళ్లీ ఏడ్చాను, ఈసారి హాయిగా.

అత్త ఇప్పుడు అంగట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, ఆ పాత పెనం మీద దోసెలు పోసే పని వేరే ఆమెది. నేను కుప్పంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఎవరైనా ఫోను చూపించి “మేడమ్, ఇది నిజమా?” అంటే, “నాకు తెలియదు, డాక్టర్ని అడగండి” అంటున్నాను. ఆ మాట అనడం నేర్చుకోవడానికి చాన్నాళ్లు పట్టింది. ఇప్పటికీ పుంగనూరు బస్సులో ఒడిలో పెద్ద పుస్తకం పెట్టుకుని, ప్రపంచాన్నంతా బాగుచేసేలా మొహం పెట్టిన అమ్మాయిలు కనిపిస్తారు. వాళ్లకేదో చెప్పాలనిపిస్తుంది. చెప్పను. కాస్త జరిగి కిటికీ పక్క సీటు ఇస్తాను.