మెడలు చూసే మనిషి

ముందు గలగల వినిపిస్తుంది. చిన్న చిన్న రేకు బిళ్ళలు ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నట్టు, పది కుక్కలు ఒకేసారి మెట్లు దిగుతున్నట్టు. లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళు ఓ పక్కకి ఒదుగుతారు. తీరా చూస్తే మలుపు తిరిగి వచ్చేది ఒక్క మనిషి. సన్నగా, కాస్త ముందుకి వంగి, ఎడమ ముంజేతికి కుక్కల బెల్టులు గాజుల్లా తొడుక్కుని వస్తాడు.

నాలుగు బ్లాకుల ఆ కాలనీకి ఆయన సూపర్‌వైజరు. పిల్లలకి బెల్టు బాబాయ్. పిల్లల్ని చూసి పెద్దలూ అదే పట్టుకున్నారు.

ఇక్కడికి రాకముందు పద్నాలుగేళ్ళు ఒక సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపాడు. చీకట్లోకి నడిచి వెళ్ళిన అన్ని వేలమందిలో ఒక్క మొహమూ గుర్తులేదు. చేతులు గుర్తున్నాయి. కష్టపడి కాయలు కాసిన చేతులు, సిరా మరకల చేతులు, ఇంకో చేతిని వదలలేని చేతులు. ఆ హాలు మూతపడింది. చూపు మాత్రం అలాగే కిందికి వాలి ఉండిపోయింది.

ఆయన వచ్చేనాటికి కాలనీలో కుక్కలున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఉప్పూ నిప్పూగా ఉండేది. కుక్కలకి వెనక లిఫ్టు అని తేల్చింది ఆయనే. పార్కింగు వెనక ఇసక మూల కేటాయించిందీ, చేతిలో సంచి లేకుండా కుక్కని తిప్పకూడదని ఒప్పించిందీ ఆయనే. రెండో అంతస్తు చిలక తనని చూసి "దొంగ" అంటోందని సెక్రటరీగారు ఫిర్యాదు చేస్తే, "చిలకకి బెల్టు కట్టలేం సార్. మీరే కొన్నాళ్ళు అటు వెళ్ళకండి" అన్నాడు. చిలక మాట మార్చలేదు గానీ గొడవ ఆగింది.

అన్నిటికన్నా ఆయనకి పేరు తెచ్చింది బెల్టుల పద్ధతి. ప్రతి కుక్క మెడలో ఇంటి నంబరు కొట్టిన బిళ్ళ. ఏడాదికోసారి టీకా కాగితం చూపిస్తే కొత్త రంగు బెల్టు. పోయినేడు ఎరుపు, ఈ ఏడు నీలం. కొత్తది కట్టేముందు పాతది ఆయన చేతికి రావాల్సిందే. మొదటి ఏడాది ఎవరో పాత బెల్టు దాచి టీకా వెయ్యని కుక్కకి కట్టారట. అప్పటినుంచి ఆ నియమం. కుక్క ఎదురైతే ఆయన కళ్ళు నేరుగా మెడ మీదికి వెళ్ళేవి. రంగు, నంబరు. అంతే.

ఏ-బ్లాకు కింది ఇంట్లో లెక్కల టీచరమ్మ ఉండేది. రిటైరై చాలాకాలమైంది. ఒంటరి మనిషి. ఆవిడ కుక్క తోక గుండ్రంగా చుట్టుకుని ఉంటుందని దానికి సున్నా అని పేరు పెట్టింది. పదేళ్ళు దాటిన కుక్క, చెవులు వినపడవు. ఎవరైనా ఆ మాటంటే, "వినకపోతేనేం, నా క్లాసులో సగంమంది అంతేగా" అనేది.

ఆ ఉదయం బాబాయ్ ఎనిమిదింటి నుంచే ఎరుపు బెల్టులు విప్పుతూ తిరిగాడు. నీలం బెల్టుల పార్సిలు పదింటికి వస్తుందన్నారు. టీచరమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ స్నానాల గదిలో ఉంది.

"గడియ పెట్టలేదు బాబూ, నువ్వే లోపలికొచ్చి విప్పుకెళ్ళు. పోయేటప్పుడు తలుపు లాగి వెయ్యి, అది బయటికి పోతుంది!"

గుమ్మంలో పడి ఉన్న పేపరు తీసి ఆవిడ కుర్చీలో పెట్టాడు. సున్నా మెడ చాచి నిలబడింది. బెల్టు విప్పి చేతికి తొడుక్కున్నాడు. చంకలో బెల్టుల నంబర్ల పుస్తకం, ఇంకో చేతిలో మోగుతున్న ఫోను. వెనక గోడ దగ్గరి వీధికుక్కల కోసం మున్సిపాలిటీ బండి వచ్చిందని గేటు నుంచి పిలుపు. తలుపుని కాలి మడమతో లాగాడు. టక్‌మని పడాలి. పడలేదు. పడలేదని ఆయన చెవికి తెలుసు. వెనక్కి తిరగలేదు.

గేటు దగ్గర పార్సిలు కూడా అప్పుడే దిగింది. తలొంచుకుని సంతకం పెడుతున్నాడు. బండి మనిషి వలలో ఒక కుక్కతో అటుగా వచ్చి అడిగాడు.

"అన్నా, ఇదొకటి గోడపక్కన తిరుగుతుంటే దొరికింది. మీదా?"

బాబాయ్ చూపు లేచింది. మెడదాకా లేచి ఆగింది.

"మెడలో బెల్టేదీ?"

"ఏం లేదు."

"అయితే మాది కాదు."

అరగంట తర్వాత ఏ-బ్లాకు వైపు నుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. తడి జుట్టుతో, చెప్పుల్లేకుండా, చెవిటి కుక్కని పేరుపెట్టి పిలుస్తూ పూలకుండీల మధ్య తిరుగుతోంది. ఆయన చేతికున్న బెల్టుల్లో ఆవిడ నంబరు బిళ్ళ ఎండకి తళుక్కుమంది.

ఆరోజు ఆయన తిరగని చోటు లేదు. బండి ఎక్కడికెళ్ళిందో కనుక్కున్నాడు. ఆఫీసులో బతిమాలాడు, కాగితాలు చూపించాడు. కానీ అప్పటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, నాలుగు రోజులు పంపేది లేదన్నారు. నాలుగు రోజులూ వెళ్ళి కటకటాల బయట కూర్చున్నాడు. అయిదో రోజు దాన్ని ఎత్తుకుని గేట్లోకి వచ్చాడు. ఎడమ చెవి కొస కత్తిరించేశారు. ఆపరేషన్ అయిన వీధికుక్కకి పెట్టే గుర్తు అది. కడుపు వీపుకి అంటుకుపోయింది.

టీచరమ్మ నేల మీదే కూలబడి దాని చెవి తడిమింది. తర్వాత లెక్క చేసినట్టు నెమ్మదిగా అంది.

"పేపరు నా కుర్చీలో ఉంది. అంటే నేను తలుపు తీసి తెచ్చుకున్నాను. మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను. అంతే కదా బాబూ? నువ్వు వేసే వెళ్ళావుగా?"

తలెత్తి చూసింది. ఆ చూపులో నింద లేదు. జవాబు సరిచూసుకుంటోంది, అంతే.

"వేశానమ్మా" అన్నాడు.

ఆ ఆదివారం కాలనీ సమావేశంలో ఆయన్ని లేపి నిలబెట్టారు. బాబాయ్ లేకపోతే సున్నా దక్కేదే కాదని సెక్రటరీగారు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో టీచరమ్మ అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని భార్యకి చెప్పాడు. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"తప్పు చేసింది మీరు, తల దించుకుంది ఆవిడ. బాగుంది న్యాయం!"

"చెప్తానే. సమయం చూసి చెప్తా."

"సమయం గోడ మీద గడియారంలో ఉంది, చూసుకోండి. నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా?"

వారం గడిచింది. టీచరమ్మ ఇంట్లో కుళాయి కారుతోందంటే వెళ్ళాడు. గోడల నిండా కాగితం ముక్కలు. తలుపు లోపలివైపు "వేశానా?" అని పెద్ద అక్షరాలు. పొయ్యి పైన "కట్టేశానా?". మంచం పక్కన "మందు వేసుకున్నానా?". బ్లాక్‌బోర్డు మీద రాసినంత గుండ్రని అక్షరాలు. తలుపుకి అడ్డంగా కుర్చీ. కుర్చీ వెనక సున్నా.

"ఇవన్నీ ఏంటమ్మా?"

"నా బుర్రకి నేను పెట్టుకున్న కాపలా. మర్చిపోయిన సంగతే గుర్తులేదు చూడు, అదీ భయం."

చెప్దామని నోరు తెరిచాడు. "వాషర్ మార్చాలమ్మా" అన్నాడు.

ఆ తర్వాత తెలిసింది. మతిమరుపుతో ఒంటరిగా ఉండొద్దని టీచరమ్మని మేనకోడలు వచ్చి తీసుకెళ్తోందట. ఇల్లు ఖాళీ చేసేస్తుందట. మేనకోడలి బిడ్డకి ఉబ్బసం, కుక్క అక్కడ పనికిరాదు. సున్నాని ఎవరైనా తీసుకుంటారేమో అడిగిపెట్టమని టీచరమ్మ ఆయనకే చెప్పింది. ఆయన ఎవరినీ అడగలేదు. చెప్పాల్సినదీ చెప్పలేదు. ఆవిడ గోడల మీద ప్రశ్నలు కళ్ళు మూసినా కనిపించేవి.

ఆ అబద్ధం చెప్పిన ఇరవయ్యో రోజు పొద్దున్న మేనకోడలి కారు ఏ-బ్లాకు ముందు ఆగింది. రెండు పెట్టెలు డిక్కీలోకి ఎక్కాయి. బాబాయ్ గేటు వదిలి నడుచుకుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, తలుపు నేను వెయ్యలేదు."

టీచరమ్మ చేతిలో మడతపెట్టిన దుప్పటి ఉంది.

"మీ కుర్చీలో పేపరు పెట్టింది నేనే. తలుపు కాలితో లాగాను, గడియ పడలేదు. తెలిసీ పోయాను. బండివాడు మీదేనా అంటే, మెడ చూసి కాదన్నదీ నేనే. మీరు ఏదీ మర్చిపోలేదు."

మేనకోడలు విరుచుకుపడింది. "ఇన్నాళ్ళు నోరెక్కడ పెట్టుకున్నావయ్యా? ఈవిడ నిద్రల్లేక చచ్చిపోతోంది, నువ్వేమో చప్పట్లు కొట్టించుకున్నావా?"

"నువ్వాగు" అంది టీచరమ్మ. ఆయన మొహంలోకి చూసింది. కోపం కూడా మెల్లగా వచ్చింది, దూరం నుంచి నడిచి వస్తున్నట్టు. "కుక్క పోయిందని ఏడ్చానే, అది క్షమిస్తాను. చేతులు నిండుగా ఉంటాయి, ఎవరికైనా అవుతుంది. కానీ నేను అడిగాను. కళ్ళలోకి చూసి అడిగాను. వేశానన్నావు."

ఆవిడ కారు వైపు తిరిగింది.

"పెట్టెలు దించమ్మా" అంది మేనకోడలితో. "నేనెక్కడికీ రాను."

"అత్తా, అది కాదు…"

"నా లెక్క తప్పలేదు. నాకిచ్చిన అంకెలే తప్పు. దించు."

గోడల మీది కాగితాలు ఒక్కొక్కటే పీకి ఉండగా చుట్టింది. మేనకోడలు పెట్టె లోపలికి తెస్తుంటే సున్నా కుర్చీ చాటు నుంచి వచ్చింది. అందరినీ దాటుకుని బాబాయ్ మోకాలికి తల ఆనించింది. ఆయన వంగాడు. కత్తిరించిన చెవి, పాలపొర కమ్మినట్టున్న కళ్ళు, మూతి మీద తెల్లబడిన వెంట్రుకలు. కాలనీకి వచ్చిన ఆరేళ్ళలో ఆ మొహాన్ని నిదానంగా చూడటం అదే మొదలు.

"దాన్ని ముట్టుకోకు" అంది టీచరమ్మ. "ఇంక మా గుమ్మంలోకి రాకు. పనేమన్నా ఉంటే ఇంకొకరిని పంపు."

మరుసటి సమావేశంలో ఆయనే లేచి నిలబడి అందరిముందూ చెప్పాడు. ఉద్యోగం తీసెయ్యమన్నవాళ్ళూ ఉన్నారు, ఉంచమన్నవాళ్ళూ ఉన్నారు. ఉంచారు. పద్ధతి మారింది. ఇప్పుడు కొత్త బెల్టు కట్టాకే పాతది విప్పుతారు. పుస్తకంలో నంబరు పక్కన కుక్క ఫోటో కూడా అతికిస్తున్నాడు. టీచరమ్మ దారిలో ఎదురైతే తల తిప్పుకోదు. మాట్లాడదు, అంతే.

ఆయన చెప్పగా ఇదంతా రాసుకుని నేను బయల్దేరితే, ఆయన గేటుదాకా వెంట వచ్చాడు. ఏదో అడగాలని, అడగలేక, చివరికి అన్నాడు:

"పోయి చెప్పాడు, మంచివాడు అని మాత్రం రాయకండి. ఇరవై రోజులు చెప్పలేదు. అది రాయండి."