యార్క్‌లో వెనకవైపు గది

దెయ్యాలున్నాయా లేవా అని నేనెప్పుడూ ఎవరితోనూ వాదించలేదు. ఆ విషయం గురించి ఆలోచించేంత తీరిక కూడా నాకు ఉండేది కాదు. సింగపూర్‌లో ఒక కంపెనీలో, సాఫ్ట్‌వేర్ ఎక్కడ చెడిందో కనిపెట్టడం నా ఉద్యోగం. ఏది చెడినా దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నేను నమ్మింది అంతే. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అలాగే వెతికాను.

మేముండేది ఆ ఊళ్లోనే టాంపినీస్ అనే పేటలో. నేను, నా భార్య సునీత, హైస్కూల్లో చదివే మా అమ్మాయి నిహిర. ఆఫీసు పని మీద నన్ను లండన్ పంపిస్తామన్నప్పుడు, పని అయ్యాక శని ఆదివారాలు ఇంగ్లండులోనే ఉన్న యార్క్‌లో గడుపుదామని సునీతే అంది. నిహిర పుట్టాక మేమిద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. ఆ ఊరి చుట్టూ పాతకాలపు కోటగోడ ఉంటుందట, దాని మీద జనం షికారుకు నడుస్తారట. ఇరుకు సందుల్లో ఇళ్ల పై అంతస్తులు ముందుకు ఒరిగి దాదాపు ఒకదాన్నొకటి తాకుతుంటాయట. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఆ సందులన్నీ తనకు కంఠతా వచ్చేశాయి.

"రెండ్రోజులు చాలండీ. శనివారం గోడెక్కుదాం, ఆదివారం పెద్ద చర్చిలో పాటలు విందాం. నిహిరని పక్కింటి ఆంటీ చూసుకుంటానన్నారు," అంది.

ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో మేడమీది గది ఆన్‌లైన్లో బుక్ చేశాను. నా పేరు, ఫోన్ నంబరు ఇచ్చాను. దాన్ని నడిపే ఆవిడతో అప్పటికి మేం మాట్లాడింది లేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే సునీతకు కడుపునొప్పి మొదలైంది. పరీక్షలు చేసి, జబ్బు అప్పటికే కాలేయం దాకా పాకిందన్నారు. మందులు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయింది. నా లండన్ పని ఇంకొకరికి అప్పగించారు. గది మాత్రం రద్దు చేయనివ్వలేదు సునీత. "అప్పటికి లేచి తిరుగుతానండీ, చూడండి," అనేది.

ఆసుపత్రిలో మాకు మిగిలిన కబుర్లు ఆ యార్క్ గురించే. నేను వెళ్లేసరికి దిండుకు ఆనుకుని ఫోన్లో మ్యాప్ చూస్తుండేది. గోడ ఏ వైపు నుంచి ఎక్కాలి, కాళ్లు నొప్పెడితే ఎక్కడ కూర్చోవాలి, వాన పడితే ఎక్కడ దూరాలి, అన్నీ చెప్పేది. గంజి కూడా గొంతు దిగని మనిషి, అక్కడ టీలోకి ఏ కేకు తిందామో చెబుతుంటే కూర్చుని వినడం నావల్ల అయ్యేది కాదు. కాఫీ వంక పెట్టుకుని కిందికి పోయేవాణ్ణి.

ఒకరోజు పొద్దున డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక చేయగలిగింది లేదని చెప్పారు. ఆ మధ్యాహ్నం సునీత గాఢంగా నిద్రపోయింది. నేను, నిహిర మంచం పక్కనే ఉన్నాం. చెయ్యి పట్టుకుంటే మంచులో పెట్టి తీసినట్టుంది. నర్సు వచ్చి నాడి చూసి, పరవాలేదని చెప్పి, ఇంకో దుప్పటి కప్పి వెళ్లింది.

సాయంత్రం కళ్లు తెరుస్తూనే అంది. "ఏమండీ, ఆ మేడమీది గది మనకొద్దు. మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి. సగంలోనే ఆయాసమొచ్చి కూర్చుండిపోయాను. కింద వెనకవైపు ఇంకో గది ఉంది. కిటికీలోంచి తెల్లగా పూసిన చెట్టు కనిపిస్తుంది. మార్చమని చెప్పొచ్చాను."

"అమ్మా, యూ వర్ డ్రీమింగ్ లా," అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అంటూ నిహిర వాళ్లమ్మ తల నిమిరింది. నొప్పికి ఇచ్చే మందు అలా మాట్లాడిస్తోందని నేనూ అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం వార్డు బయటికొచ్చి గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేశాను. సునీతకు చెప్పకుండా రద్దు చేసేద్దామనే చేశాను. పేరు చెప్పగానే ఆవిడ గుర్తుపట్టింది. సింగపూర్ నుంచి కదా, మీ ఆవిడ నిన్న పొద్దున వచ్చి గది చూసుకుని వెళ్లారు, అడిగినట్టే కింద వెనకవైపు గదికి మార్చేశాను, అంది.

అక్కడి పొద్దున మాకు మధ్యాహ్నం, సునీత నిద్రలో ఉన్న వేళ. మీరు ఎవర్నో చూసి పొరబడ్డారన్నాను. కాదంది. వచ్చినామె నా పేరే చెప్పిందట. అంత చలిలో ఒంటి మీద కోటు లేదట. తలకు వంకాయరంగు ఊలు టోపీ ఉందట. మెట్లు సగం ఎక్కి చతికిలబడిందట. టీ ఇస్తే తాగకుండా, ఆ కప్పుతో చేతులు వెచ్చబెట్టుకుంటూ కూర్చుందట.

"ఆమె ఎడమచేతికి దెబ్బ తగిలిందా? పట్టీ వేసి ఉంది. దాని అంచున చిన్న ప్లాస్టిక్ గొట్టం కనబడింది," అని అడిగింది చివర్లో.

నేను లోపలికి వెళ్లి చూశాను. సునీత నిద్రలో ఉంది. తలకు పక్కింటి ఆంటీ అల్లిచ్చిన వంకాయరంగు టోపీ. ఎడమచేతి మీద, మందు ఎక్కించడానికి గుచ్చిన గొట్టం, దాని మీద పట్టీ.

తనకు జబ్బు చేసిందని ఆ గెస్ట్‌హౌస్‌కు నేను చెప్పలేదు. నిహిరని అడిగాను, ఆంటీని అడిగాను. ఎవరూ వాళ్లతో మాట్లాడలేదు. సునీత ఫోన్లో అక్కడికి కాల్ వెళ్లిన జాడ లేదు. ఆ టోపీతో ఫొటో ఎవరికీ పంపలేదు.

రద్దు చేయమన్న మాట నా నోట రాలేదు. సునీత లేచాక, గది మార్చారని మాత్రం చెప్పాను. నిశ్చింతగా నవ్వింది.

"ఇంక మీరు రావడమే," అంది.

గది బుక్ చేసుకున్న ఆ శనివారం రాకముందే సునీత పోయింది. దహనం అయ్యాక చుట్టాలు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఫ్లాట్‌లో నేను, నిహిర మిగిలాం. ఏ పూట ఏది తిన్నామో, అసలు తిన్నామో లేదో నాకు గుర్తులేదు. అది ఏ వారమో కూడా తెలియకుండా రోజులు గడిచాయి.

ఒక సాయంత్రం బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ నొక్కాను. నిహిర అక్కడే టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. గెస్ట్‌హౌస్ ఆవిడ గొంతు. చాలా మామూలుగా మాట్లాడింది.

"మీ ఆవిడ వచ్చేశారు, హాల్లో కూర్చున్నారు. మీరు వెనకాలే వస్తున్నారన్నారు. తాళం ఆమెకు ఇచ్చెయ్యనా?"

ఆరోజు శనివారమని, గది తీసుకున్నది ఆరోజుకేనని అప్పుడు గుర్తొచ్చింది. నిహిర కుర్చీలోంచి లేచింది. కెవ్వున అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. ఇంట్లో ఎంత పిలిచినా ఇంగ్లీషులోనే పలికే పిల్ల, నా చెయ్యి పట్టుకుని తెలుగులో అంది.

"నాన్నా, అమ్మని వెయిట్ చెయ్యమను. మనం వస్తున్నామని చెప్పు. చెప్పు నాన్నా."

ఒక్కసారి ఆమెకు ఫోన్ ఇవ్వండి, అన్నాను ఆవిడతో. చెక్కనేల మీద అడుగుల చప్పుడు వినబడింది. ఎక్కడో తలుపు కిర్రుమంది. నిహిర గోళ్లు నా చేతిలో దిగబడుతున్నాయి.

ఆవిడ తిరిగొచ్చింది. "హాల్లో లేరండీ. వీధి తలుపు తీసి ఉంది. మీరింకా రాలేదని ఎదురెళ్లినట్టున్నారు," అంది.

అప్పుడు చెప్పాను, నా భార్య చనిపోయిందని. "ఇప్పుడే కదా నాతో మాట్లాడింది," అని ఆవిడ ఏడ్చేసింది. ఆ తర్వాత నేను చాలాసార్లు ఫోన్ చేసి, తిప్పి తిప్పి అడిగాను. ప్రతిసారీ అదే చెప్పింది, ఒక్క ముక్క మారలేదు. నాకు అబద్ధం చెబితే ఆవిడకు ఒరిగేదేమీ లేదు.

పక్కింటి ఆంటీ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. "చూడాలనుకున్న ఊరు చూసేసింది పా, నువ్వు సంతోషపడాలి," అని ఓదారుస్తుంది. నాకు సంతోషం రావడం లేదు. ఆ వీధి తలుపు దాటి సునీత ఎటు వెళ్లిందో నాకు తెలియదు. ఆ సందుల్లో నాకోసం ఎంతసేపు వెతికిందో తెలియదు. దొరక్కపోతే ఏమనుకుందో తెలియదు.

సెలవులొచ్చినప్పుడల్లా నిహిర ఒకటే అడుగుతుంది, ఎప్పుడెళ్దాం అని. వెళ్తే అక్కడ ఎవరూ ఉండరని నా భయం. పిల్ల తల్లిని రెండోసారి పోగొట్టుకుంటుంది. అందుకే ఇప్పటిదాకా టికెట్లు తీయలేదు. ఏం జరిగిందో ఈరోజుకీ నేను చెప్పలేను. పొద్దున లేవగానే యార్క్‌లో ఈరోజు వాన ఉందా, చలి ఎంత ఉంది అని ఫోన్లో చూస్తాను. ఎందుకు చూస్తున్నానో కూడా చెప్పలేను.