కదలని సైకిలు మీద గుర్రం

మా అమ్మమ్మ గుండె తీసి పందెపు గుర్రానికి పెడితే, ఆ గుండె జోరుకి కాళ్ళు చాలక గుర్రమే చస్తుంది. ఇది నేను గాలికి అంటున్న మాట కాదు. ఒక డాక్టరు చార్టు చూసి, లెక్క కట్టి, నమ్మలేక ఇంకోసారి కట్టి మరీ చెప్పాడు. యాభై దాటి చాలా కాలమైన మనిషికి పాతికేళ్ళ పిల్ల ఊపిరి ఉందట. ఆ చార్టు వల్ల ఒకరి దవడ విరిగింది. అక్కడికి వస్తాను.

అమ్మమ్మ ఆడవాళ్ళ జైల్లో వార్డరు. ఆవిడ ఒళ్ళు చూస్తే ఉద్యోగమేమిటో తెలిసిపోతుంది. కుడిచేతి చిటికెన వేలు వంకర, ఒక ఖైదీ కొరికింది. ఎడమ కనుబొమ్మకి మధ్యలో వెంట్రుకలు మొలవవు, స్టీలు పళ్ళెం అంచు తగిలింది. మెడ మీద పాత గోళ్ళ గీతల పైనే కొత్తవి. ఇంట్లోనూ అంతే. ఫ్రిజ్ తలుపు కాలితో తన్ని మూస్తుంది. నన్ను నిద్ర లేపాలంటే దుప్పటి లాగదు, మంచమే ఒక పక్కకి ఎత్తేస్తుంది. ముద్దు పెట్టుకున్నా సాయంత్రం దాకా బుగ్గ నొప్పి. మా తాత పోయేదాకా ఆవిడకి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. చుట్టుపక్కలవాళ్ళు ఆయనది శాంతస్వభావం అనుకునేవాళ్ళు.

జైల్లో లోపలి డ్యూటీ, గేటు డ్యూటీ అని రెండు ఉంటాయి. లోపలంటే ఖైదీల మధ్య తిరగడం, వాళ్ళు కొట్టుకుంటే విడదీయడం. గేటంటే స్టూలు మీద కూర్చుని తాళం తీయడం, వేయడం. "గేటు దగ్గర కూర్చోబెట్టడమంటే నన్ను గోడకి మేకు కొట్టి తగిలించడమే," అనేది అమ్మమ్మ. యాభై దాటినవాళ్ళు లోపలే ఉండాలంటే ఏటా సైకిలు పరీక్ష నెగ్గాలి.

ఆ సైకిలు జైలు ఆసుపత్రి గదిలో నేలకి బిగించి ఉంటుంది. ఒకటే చక్రం, దాని చుట్టూ ఒక పట్టీ. పట్టీ బిగించేకొద్దీ మిట్ట ఎక్కుతున్నట్టు బరువు పెరుగుతుంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూడటానికి రొమ్ము కింద ఇంకో పట్టీ కడతారు. టక్ టక్ మనే యంత్రం చప్పుడుకి సరిగ్గా పాదం పడాలి, తప్పితే మళ్ళీ మొదటికి. అలాగని మనిషిని పడిపోయేదాకా తొక్కించరు. ఆరు నిమిషాలు ఒక మోస్తరు బరువు తొక్కించి, గుండె ఎంత కొట్టుకుందో చూసి, ప్రాణం పెట్టి తొక్కితే ఎంత ఊపిరి లాగగలదో చార్టులో అంచనా కడతారు. వయసు పేరు చెప్పి అందులో కొంత కోస్తారు. ఒకే బరువుకి గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటే అంత గట్టి మనిషన్నమాట.

ఏటా అమ్మమ్మ బొటాబొటిగా గట్టెక్కేది. ఈసారి మాత్రం గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటున్నట్టు కనబడేసరికి డాక్టరు పట్టీ విప్పి, తడిపి, మళ్ళీ కట్టాడు. అది చాలక మణికట్టు పట్టుకుని కూడా చూశాడు.

"అమ్మా, మాత్రలేమైనా వాడుతున్నారా?"

"నాకెందుకు మాత్రలు. మీరే పీక్కుపోయి ఉన్నారు, మీరు మింగండి."

అప్పటికి కొన్ని నెలలుగా ఆవిడ బీపీ మాత్ర మింగుతోంది. బయట క్లినిక్కులో రాయించుకుంది. తెలిస్తే గేటుకి తోస్తారని దాచింది. ఆ మాత్ర గుండెను కళ్ళెం పట్టి లాగి ఉంచే రకమని, ఎంత తొక్కినా దాన్ని జోరందుకోనివ్వదని ఆవిడకి తెలియదు. అందుకే చార్టు చెప్పింది అందరితో పాటు తనూ నమ్మింది. అసలు గొడవ అక్కడే ఉంది.

చార్టు సంగతి విని ఆవిడకి గుర్రమని పేరు పెట్టింది జోడీ వార్డరు. పెళ్ళయి ఇంకా ఏడాది కాని పిల్ల, నవ్వితే ఉన్న పళ్ళన్నీ చూపించేది.

"అక్కా, నీ పక్కన నడుస్తుంటే బండెక్కినట్టుంది."

"ఎక్కవే, తన్ని దింపుతా."

కొట్లాటలకి ఒక నియమం ఉంది. రెండో వార్డరు వచ్చి పక్కన నిలబడేదాకా మొదటి వార్డరు మధ్యలోకి దూరకూడదు. ఆ పిల్లకి ఇది నేర్పింది అమ్మమ్మే, జుట్టు పట్టుకుని గుంజి మరీ. తన ఊపిరి సంగతి తనకి తెలుసు గనక అమ్మమ్మ ఎప్పుడూ కుట్టుపని షెడ్డు గుమ్మం వదిలేది కాదు. చార్టు వచ్చాక జైలర్ మేడం దగ్గరికి పోయి, "పెరటి చివర బట్టలుతికే చోటు కూడా నేనే చూస్తా. ఈల వేస్తే ఎగిరొచ్చి వాలతా," అంది. మనుషులు చాలని మేడం వెంటనే సరేనంది.

గుండుసూది అని ఒక సన్న ఖైదీ, దూది అని ఒక లావు ఖైదీ. ఒకరోజు షెడ్డులో దూది పోయి గుండుసూది మిషను ముందు కూర్చుంది. అంతే కారణం. గుండుసూది వేడి ఇస్త్రీపెట్టె తెచ్చి దూది భుజానికి ఆనించింది. చర్మం చుయ్యిమంది. దూది లేచి గుండుసూది తలని మిషను అంచుకేసి కొట్టింది, జుట్టు సవరించి పట్టుకుని మళ్ళీ కొట్టింది. కుట్టి పేర్చిన తెల్ల చొక్కాల మీద నెత్తురు చిమ్మింది. మిగతావాళ్ళు బల్లలెక్కారు. "ఇంకోటి వెయ్యవే." "చెవి పీకు, చెవి." షెడ్డు కాపలాలో ఉన్న జోడీ పిల్ల ఈల ఊది గుమ్మం వైపు చూసింది. గుర్రం ఈపాటికి వస్తూ ఉంటుందనుకుని ఇద్దరి మధ్యకి దూరింది.

గుర్రం పెరటి చివర్నుంచి బయలుదేరింది. సగం దూరం బాగానే వచ్చింది. ఆపైన తొడల్లో సీసం పోసినట్టయింది. ఎన్ని బూతులు తిట్టినా గుండె జోరు పెంచలేదు, ఊపిరి గొంతు దాటి కిందికి దిగలేదు. నీళ్ళ తొట్టి పట్టుకుంది, పట్టు జారి మోకాళ్ళ మీద పడింది, మోకాళ్ళు చీరుకుపోతున్నా పాకింది. గుమ్మం అందుకునేసరికి గుండుసూది విసిరిన ఇస్త్రీపెట్టె గాల్లో ఉంది. దూది తల వంచింది. అది సూటిగా పోయి ఆ పిల్ల దవడకి తగిలింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది.

అమ్మమ్మ గుండుసూది మీద పడింది. కొట్టే ఓపిక లేదు, అందుకని బరువంతా వేసి పడుకుంది. గుండుసూది ఆవిడ ముంజేయి పట్టి కొరికినా లేవలేదు. ఎదురుగా నేల మీద, ఒలికిన చొక్కా గుండీల మధ్య, రెండు పళ్ళున్నాయి. గుండీల్లో కలిసిపోతాయేమోనని, మిగతా వార్డర్లు వచ్చేదాకా వాటి మీంచి చూపు తిప్పలేదట.

విచారణలో జైలర్ మేడం, "మీ తప్పేం లేదు. మీ ఊపిరి ఎంత గట్టిదో పరీక్షే చెబుతోంది. ఆ అమ్మాయే ఆగకుండా దూరింది. ఆమె ఉద్యోగం పోతుంది, ఏం చేస్తాం," అంది.

నోరు మూసుకుంటే అమ్మమ్మకి లోపలి డ్యూటీ ఉండేది. ఆవిడ జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద కొట్టింది. బల్ల మీది గ్లాసు దొర్లి కిందపడి పగిలింది.

"నేను పక్కనుంటానని నమ్మి దూరింది అది. నేనే లేను. ఉద్యోగం తీస్తే నాది తియ్యండి."

డాక్టరును పిలిపించారు. అతను అట్ట చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ఇది వేసుకుంటే ఆ చార్టు పనికిరాదమ్మా."

"అయితే మానేసి తొక్కుతా."

"ఉన్నట్టుండి మానేస్తే గుండెకి ముప్పు. పెద్దాసుపత్రిలో మాస్కు పెట్టి ఊపిరినే నేరుగా కొలుస్తారు. అక్కడ మోస్తరుగా కాదు, ఇక నావల్ల కాదనేదాకా తొక్కాలి."

తోడు నేను వెళ్ళాను. కరిచే కుక్కకి కట్టినట్టు మూతికి మాస్కు బిగించారు. బరువు పెంచుతూ పోయారు. అమ్మమ్మ ఎవర్నో తొక్కి చంపుతున్నట్టు తొక్కింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి, మాస్కులో చొంగ నిండింది, కొరికిన ముంజేతి కట్టు మీద నెత్తురు పూసింది. "చాలే అమ్మమ్మా," అన్నాను. ఒక చెయ్యి వదిలి పిడికిలి చూపించింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. మాస్కు తీయగానే అక్కడి డాక్టరు బూట్ల మీద కక్కింది. వచ్చిన అంకె ఆవిడ ఈడు వాళ్ళకి ఉండాల్సినదానికి కూడా తక్కువే.

ఆ పిల్లకి హెచ్చరికతో ఉద్యోగం నిలిచింది. అమ్మమ్మకి మాత్ర దాచినందుకు మెమో, ఆపైన గేటు. ఇప్పుడు ఆ పిల్ల, విరిగిన దవడ కదలకుండా బిగించిన తీగలతో రోజూ డ్యూటీకి వస్తుంది. మాట పెగలదు, గేటు దగ్గర ఆగి తీగల సందులోంచి గుర్రంలా సకిలిస్తుంది. "మూసుకోవే, తీగలు ఊడతాయి," అని అమ్మమ్మ తాళం తీస్తుంది.

ఇదంతా రాసి అమ్మమ్మకి చదివి వినిపించాను. ఇంకొంచెం పొగడమంటావా అని అడిగాను.

"మొదటి వాక్యం కొట్టెయ్," అంది. "అలాంటి మాటే నమ్మి అది పళ్ళు రాల్చుకుంది."