అంజిలిని రావద్దన్న రోజు

కనకలక్ష్మి టీచర్‌ది తణుకు దగ్గర పల్లె. పెళ్లయి చందానగర్ వచ్చి, లింగంపల్లి అవతలి ఓ చిన్న సర్కారు బడిలోనే పాఠాలు చెబుతూ జుట్టు నెరిసింది. ఏడో తరగతి దాకా ఉన్న బడి. చుట్టూ లేచిన మేడల్లోని పిల్లలెవరూ అందులోకి రారు. ఆ మేడల వాచ్‌మన్ల పిల్లలు కూడా టై కట్టుకుని వేరే బడి బస్సెక్కి పోతారు. వచ్చేదల్లా మేడలు కట్టేవాళ్ల పిల్లలే. పాలమూరు వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, ఒరిస్సా వాళ్లు. పునాదులు తీసేటప్పుడు బడి నిండుతుంది, రంగులు వేసేసరికి ఖాళీ అవుతుంది. ఓ పిల్లకు గుణింతాలు పట్టుబడ్డాయనుకునేలోగా ఆ పిల్ల ఇంకో సైటుకు పోతుంది.

భర్త పోయాక ఆవిడకు బడి మరీ దగ్గరైంది. ఇంట్లో పలకరించే గొంతు లేదు. బడిలో అడుగు పెడితే చాలు, "టీచర్, వీడు నన్ను గిచ్చిండు" అని ఎవరో ఒకరు కొంగు పట్టుకునేవారు.

అంజిలి ఆరో తరగతిలో చేరింది. మక్తల్ వైపు పిల్ల. సైటుకో బడి మారి ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. లెక్కలు నోటితో చెప్పేస్తుంది గానీ, పుస్తకం తెరిస్తే ఒత్తు వచ్చిన చోటల్లా నిలబడిపోతుంది. కనకలక్ష్మి సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివించేది. అంజిలి వేలు పెట్టి, పెదవులు కదుపుతూ ఒక్కో వాక్యం దాటేది. దాటిన ప్రతిసారీ తలెత్తి టీచర్ ముఖం చూసేది. తండ్రి ఎల్లయ్యకు పని కొల్లూరు వైపు మారినా, ఈ చదువు కోసమే నాయనమ్మ పోచమ్మ మనవరాలితో పాత రేకుల షెడ్డులో ఉండిపోయింది.

అలా ఉండగా, పిల్లల చదువు చూడటానికి పైఅధికారులు వస్తున్నారని కబురొచ్చింది. పోయిన ఏడాది చుట్టుపక్కల బళ్లన్నిటిలో ఈ బడి అట్టడుగున నిలిచింది. ఈసారీ అంతే అయితే హైవే అవతలి హైస్కూల్లో కలిపేస్తామన్నారు. ఆ రోడ్డు దాటించి పిల్లల్ని ఎవరు పంపుతారు?

ముందురోజు హెడ్మాస్టరు లక్ష్మీనారాయణ చాయ్ గ్లాసుతో ఆవిడ క్లాసు గుమ్మంలో నిలబడ్డారు.

"మేడం, చదువు రానోళ్లను రేపు ఇంటికాడనే ఉండమనండి. ఎప్పుడూ చేసేదే గదా."

"అంజిలి చదువుతుందండీ. కాస్త నెమ్మది, అంతే."

"నెమ్మదిగ వినేటందుకు వాళ్లకు టైముంటదా? బడి ఉంటేనే గదా మేడం, అంజిలి ఉండేది."

ఆవిడ కాదనలేకపోయింది. బడి వదిలాక అంజిలి భుజం మీద చెయ్యి వేసి, "రేపు ఇంటి దగ్గరే ఉండమ్మా, ఎల్లుండి వద్దువుగాని" అంది.

"రేపే గద టీచర్, సార్లు వచ్చేది? నేను పాఠం మంచిగ చదివిన."

"ఎల్లుండి నాకు చదివి వినిపిద్దువుగాని."

అంజిలి తలూపి వెళ్లిపోయింది.

అధికారులు వచ్చారు, ఉన్నవాళ్ల చేత చదివించారు, మెచ్చుకున్నారు. బడి నిలిచింది. హెడ్మాస్టరు పంచిన మైసూర్‌పాకును కనకలక్ష్మి పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టేసింది.

మర్నాడు అంజిలి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పిల్లల భోజనాలయ్యాక ఆవిడే షెడ్డుకు వెళ్లింది. పోచమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుకుంటోంది.

"అంజిలి ఏదీ, పోచమ్మా?"

"వాళ్ల నాయిన కాడికి తోలిన. తమ్ముని ఆడిస్తది."

"అదేంటమ్మా! ఒక్కరోజేగా రావద్దన్నాను?"

"ఒక్కరోజు గాదు టీచరమ్మా, ఆ రోజే వద్దన్నవు." పోచమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. "చుట్టాలొచ్చిననాడు పిల్లను దాస్తే, అది ఆ పిల్ల ఇల్లెట్లయితది? బడి గంట వినవడంగనే పుస్తకం దీసి ఈడనే కూసోని గట్టిగ చదివింది. ఎవ్వరికి? నాకు. నాకేం తెలుస్తది?"

బడి కోసమే చేశానని చెప్పబోయింది కనకలక్ష్మి. ఆ బడి ఎవరి కోసమని ముసలమ్మ అడుగుతుందని తోచి, ఎల్లయ్య పనిచేసే సైటు గుర్తులు అడిగి తెలుసుకుంది.

మర్నాడు సెలవు పెట్టి కొల్లూరు వెళ్లింది. ఇసుక కుప్ప పక్కన తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడ్డ అంజిలి, టీచర్‌ను చూడగానే నవ్వింది.

"టీచర్, మన బడి పాసయిందా?"

"అయిందమ్మా."

"నేను రాకుంటే మంచిగయిందన్నట్టు" అంది. అందులో నిష్ఠూరం లేదు. అదే ఆవిడను కోసేసింది.

"మళ్లీ వస్తావా తల్లీ?"

"అంత దూరం ఎట్లొస్తది మేడం? అవ్వ గూడ ఈడికే వస్తున్నది" అన్నాడు పని ఆపి దగ్గరికొచ్చిన ఎల్లయ్య. అదీ నిజమే.

ఇక ఆవిడే పిల్ల ముఖం కడిగి, జడలు వేసి, ఎల్లయ్యను వెంటబెట్టుకుని ఆ దగ్గర్లోని సర్కారు బడికి తీసుకువెళ్లింది. అక్కడి టీచరు ప్రవీణ, ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల.

"దీనికి చదువు వస్తుందమ్మా, కాస్త ఓపిక పట్టాలి. అధికారులు వచ్చే రోజున కూడా దీన్ని బడికి రానివ్వు."

ప్రవీణ తల దించుకుంది. ఇక్కడా ఆ ఆనవాయితీ ఉందన్నమాట.

"నాకు మాటివ్వమ్మా" అంది కనకలక్ష్మి. కూతురంత వయసున్న పిల్లను అలా బతిమాలుకోవడానికి ఆవిడకు చిన్నతనం అనిపించలేదు.

"రానిస్తా మేడం" అంది ప్రవీణ తలెత్తి.

అంజిలి చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది. ముందు వరసలో ఇద్దరు పిల్లలు జరిగి చోటిస్తే, వాళ్ల మధ్య సర్దుకుని కూర్చుంది.