దుకాణం లేని గాజులామె

మొన్న కల్లూరులో బస్సెక్కగానే కొత్త చింతపండు వాసన గుప్పుమంది. ఎవరో పెద్దావిడ సీటు కింద బస్తా దూర్చి, కండక్టరు ఎంత గొణిగినా వినిపించుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ వాసనకు అందరికీ నోరూరుతుందేమో కాని, నాకు మాత్రం మస్తాన్‌బీ చాచీ గుర్తొస్తుంది. అందులోనూ ఆ రోజు నేను పోతున్నది ఖమ్మంలో బ్యాంకుకు, ఇంటి లోను అడగడానికి. ఆ విద్యలో నాకు ఆమెను మించిన గురువు లేదు.

పెళ్లయి కల్లూరు వచ్చిన కొత్తలో మేం కిరాయికున్న వాకిట్లోనే చాచీ కూడా కిరాయికుండేది. భర్త పోయాక గాజుల మలారం భుజానికెత్తుకుని రోజుకో ఊరి సంతకు తిరిగేది. దమ్మపేట దాటి అడవి అంచు ఊళ్లన్నీ ఆమెకు పుట్టిళ్లే. కోయ ఆడవాళ్లు చేతులు చాపితే వాళ్ల మాటల్లోనే పరాచికాలాడుతూ, నొప్పి తెలియకుండా తొడిగేది. చేతిలో డబ్బు లేనివాళ్లు చింతపండో, కుంకుడుకాయలో ఇచ్చేవారు. వాటిని ఇంటికి తెచ్చి ఎండబెట్టి, ఖమ్మం వ్యాపారులకు అమ్మేది. మా ఆయన ఆటో సంపాదన చాలక నేనూ ఆమె వెంట బయల్దేరాను. మొదటి సంతలో ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకు కూర్చుంటే, చాచీ మోచేత్తో పొడిచింది. "తలెత్తు సరోజా. ఏంది, దొంగసొమ్ము అమ్ముతున్నవా?"

ఆమెకు ఒకటే బాధ, కిరాయి ఇల్లు. చింతపండుకు చీమలొస్తున్నాయని ఒకరు, బస్తాలతో గోడలు పాడవుతున్నాయని ఇంకొకరు ఖాళీ చేయించారు. మా వాకిలి యజమాని కూడా సణగడం మొదలుపెట్టాడు. ఇల్లు పోవడమంటే ఆమెకు వ్యాపారం పోవడమే. ఊరి చివర ఎప్పుడో కొనిపెట్టుకున్న చిన్న జాగా ఉంది. ఆ కాగితాలు తాకట్టు పెట్టి గోడలు లేపుదామని లోనుకు పెట్టుకుంది. జీతం లేదు, దుకాణం లేదు కనుక, వ్యాపారం ఉందో లేదో చూడటానికి ఆఫీసరు ఇంటికి వస్తాడన్నారు.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే చాచీ పని మొదలుపెట్టింది. "పెద్దమనిషి ఇంటికొస్తుంటే గిట్ల సంత లెక్క ఉంటదా?" అంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లమంతా తలా ఒక చెయ్యి వేశాం. బస్తాలు పక్కింట్లోకి చేరాయి, గాజులన్నీ మంచం కిందికి పోయి దుప్పటి చాటున దాక్కున్నాయి. కడిగిన వాకిట్లో ముగ్గేశాం. ఆఫీసరు కుర్చీలో కూర్చుని టీ తాగి, "ఇల్లు చాలా నీట్‌గా ఉందమ్మా" అని మెచ్చుకుని పోయాడు. మేం పొంగిపోయాం. వారం తిరిగాక తెలిసింది, ఇంట్లో వ్యాపారం జరుగుతున్న జాడే లేదని రాసి, లోను కాదన్నారట.

లోన్లు ఇప్పించే ఏజెంటు ఒకడు ఆ సాయంత్రమే వాలిపోయాడు.

"బస్టాండు కాడ ఖాళీ షట్టరుంది చాచీ. బోర్డు కట్టి ఒక్క రోజు కూసో, బ్యాంకోళ్లు ఫోటో తీస్కుంటరు. కమీషన్ సంగతి తర్వాత మాట్లాడుకుందం."

"లేని దుకాణంలో నన్నెందుకు కూసోబెడ్తవు? ఉన్న సంతల చోటు లేదా నాకు?"

నాకైతే ఒప్పుకుంటే బాగుండుననిపించింది. అందరూ చేసేదేగా. ఆ మాటే అన్నాను. "అందరి ఇల్లు కాదే, నా ఇల్లు కట్టేది" అంది చాచీ.

మర్నాడు బ్యాంకు తలుపులు తెరిచేసరికి ఆమె మెట్ల పక్కన అరుగు మీద ఉంది. మలారం విప్పి పరిచింది. పక్కన రెండు చింతపండు బస్తాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పింఛన్ల కోసం వచ్చిన ఆడవాళ్లు లోపలికి పోవడం మానేసి చుట్టూ మూగారు. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ అమ్మొద్దమ్మా!"

"అమ్ముతలేను నాయనా, చూపిస్తున్న. మీ సారుకు నా వ్యాపారం కనపడలేదంట."

గోల విని ఆఫీసరే బయటికొచ్చాడు. చాచీ లేచి నిలబడింది, కాని గొంతు తగ్గించలేదు. "ఆ దినం ఇల్లు సదిరిన సారూ, మీరు చుట్టమనుకున్న. ఇయ్యాల ఏదీ సదరలే. ఇది చాలకపోతే రేపు సంతకు రాండ్రి."

నిజంగానే వచ్చాడు. వాన పడి సంతంతా బురద. బూట్లు చేత్తో పట్టుకుని మా వెనక నిలబడ్డాడు. పాపం, చెడ్డవాడేం కాదు. చివరికి అడిగాడు, "నెలకు ఎంత వస్తుందమ్మా? ఒక అంకె చెప్పండి."

"ఏ నెలకు సారూ? చింతపండొచ్చే నెలకా, వాగులు పొంగే నెలకా?" గాజులు తొడుగుతున్న చెయ్యి వదలకుండానే అంది చాచీ. "మిర్చి రైతు నెలనెలా కోస్తడా? గాయనకు ఏడాది లెక్క చూసి అప్పిస్తరు కదా. నాకూ గట్లనే చూడుండ్రి."

లోను వచ్చింది. అడిగినదానికంటే తక్కువే, చెప్పినదానికంటే ఆలస్యంగానే వచ్చింది. రెండు గదులనుకున్న చోట ఒక గదీ, బస్తాలకని పొడుగాటి వరండా కట్టింది. చివరి వాయిదా కూడా తీర్చేసి, ఆ ఇంట్లోనే కన్నుమూసింది. ఆమె ధైర్యం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. సంతసంతకూ ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆమె లేదన్న దిగులు మాత్రం ఇప్పటికీ తీరలేదు.

బస్సు దిగి బ్యాంకుకు పోతే, కంప్యూటరు ముందున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. నా పేరు కొట్టి, వృత్తి దగ్గర గృహిణి అని నొక్కింది.

"అది తీసెయ్యమ్మా. నేను గాజుల వ్యాపారం చేస్తా."

"మీ ఆయన పేరు మీద పెడితే తొందరగా అయితది ఆంటీ. ఆయనకు ఆటో ఉందని కాగితాల్లో ఉంది కదా."

"ఆటో ఆయనది. ఇల్లు కట్టేది నా గాజులు."

ఆ అమ్మాయి తెరంతా పైకీ కిందికీ జరిపి చూసింది. "సంతల్లో అమ్మేటోళ్లకు ఇందులో ఆప్షనే లేదాంటీ."

"అయితే వచ్చేదాక కూసుంట" అని కుర్చీ ముందుకు లాక్కున్నాను.